చాదర్ చూసి కాళ్ళు చాపుదాం: ఇంగ్లీషు సామెతలు నేర్పే డబ్బు పాఠాలు



మన సంస్థకు ఏటా వచ్చే సహాయ దరఖాస్తులను ముందు పెట్టుకుని చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, రామచంద్రాపురం, సంగారెడ్డి ప్రాంతాల్లో మన కుటుంబాలు పని లేక ఇబ్బంది పడడం ఒక ఎత్తు. పని ఉండి, జీతం వస్తూ కూడా అప్పుల్లో కూరుకుపోవడం మరో ఎత్తు. మొదటిదానికి ఉపాధి కావాలి. రెండో దానికి ఉపాధితో పాటు డబ్బు వాడే తెలివి కావాలి. ఆ తెలివిని తరతరాలుగా చిన్న చిన్న మాటల్లో దాచిపెట్టిన ఖజానాలే సామెతలు.

మన పిల్లలు బడిలో ఇంగ్లీషు సామెతలు బట్టీ పడతారు. ఇంట్లో నానీ, దాదీ ఉర్దూ సామెత చెబుతారు. వీధిలో తెలుగు సామెత వినిపిస్తుంది. మూడు భాషలూ చాలాసార్లు ఒకే మాట చెబుతాయి. ఎనిమిది ఇంగ్లీషు సామెతలను తీసుకుని, మన సామెతలతోనూ ధర్మబోధతోనూ సరిపోల్చి, ఈ పారిశ్రామిక ప్రాంతపు బతుకులో వాటికి అర్థం ఏమిటో ఈ పాఠంలో చూద్దాం. ఎక్కడ అవి మనతో ఏకీభవిస్తాయో, ఎక్కడ మన దారి వేరో కూడా గమనిద్దాం.

ఈ సామెతల్లో కొన్నిటికి ప్రచారం తెచ్చినవాడు అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. అచ్చుపని చేసి పైకి వచ్చిన ఆయన 1732 చివరి నుంచి పాతికేళ్ళకు పైగా ఒక పంచాంగం ప్రచురించాడు. పొదుపు గురించి అందులో వచ్చిన మాటలను 1758 సంచికలో ఒకచోట గుదిగుచ్చాడు. పనివాళ్ళు, చిన్న వ్యాపారులు గోడకు తగిలించుకునే పంచాంగం అది. అంటే ఈ సామెతలు మొదటి నుంచీ కష్టజీవుల కోసం చెప్పినవే.

1. కట్ యువర్ కోట్ అకార్డింగ్ టు యువర్ క్లాత్

ఉన్న గుడ్డను బట్టే కోటు కత్తిరించుకోవాలి అని అర్థం. ఉర్దూలో దీన్నే 'జిత్నీ చాదర్ హో, ఉత్నే హీ పాఁవ్ ఫైలావో' అంటారు. తెలుగులో 'మంచం ఉన్నంత వరకే కాళ్ళు చాపుకోవాలి' అంటారు. కోటు, చాదర్, మంచం వేరైనా కొలత ఒక్కటే.

ఈ కొలత మన ఇళ్ళలో ఎక్కువగా తప్పేది పెళ్ళిళ్ళలో. ఫంక్షన్ హాలు, రెండు పూటల దావత్, జహేజ్ సామాను, పైగా 'జోడే కీ రఖమ్'. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. షరీఅత్‌లోనైతే మహర్ ఇవ్వవలసింది వరుడే. అయినా ఆడపిల్ల తండ్రే అప్పు చేస్తున్నాడు. ఒక లెక్క చూద్దాం. నెలకు 18,000 రూపాయల జీతమున్న కార్మికుడు కూతురి పెళ్ళికి 3 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు వడ్డీయే 9,000 రూపాయలు. సగం జీతం పోయినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు. షాదీ ముబారక్ పథకం కింద ప్రభుత్వం ఇచ్చే 1,00,116 రూపాయలు కూడా ఈ వడ్డీకి ఏడాది పాటు సరిపోవు. 2014లో 51,000 రూపాయలతో మొదలైన ఆ సాయం పేదింటి నికాహ్ సాదాగా జరగడానికి ఉద్దేశించినది, షామియానాలు పెంచడానికి కాదు.

నికాహ్ ఎంత సులభంగా, ఎంత తక్కువ భారంతో జరిగితే అంత శుభమని దైవప్రవక్త (స) బోధించారు. ఈ మాట పేదవాడికి చెప్పే ముందు స్తోమత ఉన్నవాళ్ళం మనం ఆచరించాలి. ఎందుకంటే బస్తీలో పెళ్ళి ఖర్చుకు కొలత నిర్ణయించేది పేదవాడు కాదు, అతని పక్కింటి ధనవంతుడు.

2. ఎ స్మాల్ లీక్ విల్ సింక్ ఎ గ్రేట్ షిప్

చిన్న చిల్లు చాలు, పెద్ద ఓడ మునగడానికి. చిల్లికుండలో ఎన్ని నీళ్ళు పోసినా నిలవవని మనం అంటాం.

షిఫ్టుకు ముందు ఒక టీ, షిఫ్టు తర్వాత ఒక టీ, మధ్యలో పాన్ మసాలా, ఒకటి రెండు సిగరెట్లు. రోజుకు 60 రూపాయలు అనుకుందాం. నెలకు 26 పని దినాల లెక్కన 1,560, ఏడాదికి 18,720 రూపాయలు. అంటే ఏడాదిలో ఒక నెల జీతం ఆ చిల్లులోంచి కారిపోతోంది. టీ మానేయమని మేము అనడం లేదు. చిల్లు ఎక్కడుందో తెలియాలంటే రాసి చూసుకోవాలి అంటున్నాం. ఇంటి ఖర్చు నెల రోజులు నోటుబుక్కులో రాసిన ఇల్లాలికి ఏది అవసరమో, ఏది దుబారానో ఎవరూ చెప్పనక్కరలేదు. అటు దుబారా వద్దు, ఇటు పిసినారితనమూ వద్దు, మధ్యమార్గంలో నడవమని దివ్య ఖుర్ఆన్ బోధ.

3. పెన్నీ వైజ్ అండ్ పౌండ్ ఫూలిష్

పైసల దగ్గర తెలివి, రూపాయల దగ్గర తెలివితక్కువతనం. పాత ఇంగ్లండులో ఒక పౌండుకు 240 పెన్నీలు. అది తెలిస్తేనే సామెత బరువు తెలుస్తుంది. ఉర్దూ సామెత ఇంకా అందంగా ఉంటుంది: 'అశర్ఫియాఁ లుటేఁ, కోయ్లోఁ పర్ ముహర్'. బంగారు నాణేలు దోపిడీ అవుతుంటే బొగ్గుల బస్తాకు సీలు వేసి కాపలా కాసినట్టు.

మన ప్రాంతంలో దీనికి కళ్ళ ముందున్న ఉదాహరణ ఈఎస్‌ఐ. జీతంలో కటింగ్ వద్దు, మొత్తం చేతికి ఇవ్వండి అని కాంట్రాక్టరును అడిగే కార్మికులు ఉన్నారు. 2019 జూలై నుంచి ఈఎస్‌ఐకి కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకు 18,000 జీతానికి కార్మికుడు ఇచ్చేది 135 రూపాయలు, యజమాని కట్టేది 585 రూపాయలు. ఆ 135 మిగిల్చుకోవడానికి కుటుంబం మొత్తానికి రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో దొరికే వైద్యాన్ని, జబ్బు చేసిన రోజుల్లో వచ్చే భృతిని వదులుకుంటున్నారు. పని ప్రమాదంలో మనిషి పోతే అతని వేతనంలో 90 శాతం లెక్కన ఆధారపడిన వారికి నెలనెలా పింఛను రావడం కూడా ఈ చట్టంలోని హక్కే.

2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలి తీసుకుంది. అల్లాహ్ వారి కుటుంబాలకు సహనం ప్రసాదించుగాక. అలాంటి రోజున కుటుంబం చేతిలో ఉండవలసినవి గుర్తింపు కార్డు, ఈఎస్‌ఐ నంబరు, పీఎఫ్ ఖాతా, అందులో నామినీ పేరు. ఈ నాలుగూ సరిచూసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

పదో తరగతి చదివే కొడుకును మాన్పించి రోజు కూలికి పంపడం కూడా ఇలాంటిదే. ఈ రోజు వచ్చే కూలి పెన్నీ, రేపు రావలసిన నైపుణ్యపు జీతం పౌండు. మైనారిటీ గురుకులాల్లో చదువు, భోజనం, వసతి ఉచితం. ఆ దరఖాస్తు నింపడంలో ఒక తల్లికి సాయం చేయడం గొప్ప సదఖా.

4. సేవ్ ఫర్ ఎ రెయినీ డే

వాన రోజు కోసం దాచిపెట్టు. ఇంగ్లండులో వానంటే దిగులు. మెట్ట పొలాల మెదక్ సీమలో వానంటే రహ్మత్, దేవుని కరుణ. కాబట్టి మాటకు మాట పెడితే ఈ సామెత మనకు అతకదు. దీని భావానికి దగ్గరగా తెలుగు రైతు 'గాలి ఉండగానే తూర్పార పట్టుకోవాలి' అన్నాడు. ఇల్లాలు 'దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి' అన్నది.

యూసుఫ్ ప్రవక్త (అలైహిస్సలామ్) వృత్తాంతం మనకందరికీ తెలిసిందే. ఏడేళ్ళు బాగా పండుతాయి, ఆ తర్వాత ఏడేళ్ళు కరువు వస్తుందని కల భావం చెప్పి, పండిన కాలంలోనే ధాన్యాన్ని వెన్నుల్లోనే నిల్వ చేయించారు. తవక్కుల్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదని ఇంతకన్నా గొప్పగా చెప్పే పాఠం లేదు. పేదరికం రాకముందే కలిమిని సద్వినియోగం చేసుకోమని దైవప్రవక్త (స) కూడా హెచ్చరించారు.

ఆర్డర్లు ఉన్నప్పుడు ఓవర్‌టైం, లేనప్పుడు 'రేపటి నుంచి రావద్దు' అనడం ఫ్యాక్టరీల్లో మామూలే. ఓవర్‌టైం డబ్బు వచ్చిన నెలను పండిన సంవత్సరంగా భావించి అందులో సగం పక్కన పెట్టాలి. మూడు నెలల అద్దె, రేషన్ ఖర్చు చేతిలో ఉన్న ఇల్లు పని పోయిన మరుసటి రోజే వడ్డీ వ్యాపారి గడప తొక్కనక్కరలేదు. పెద్ద జబ్బులకు ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. అర్హత ఉన్నవారు ఆధార్, రేషన్ కార్డు వివరాలు ముందే సరిచేసుకుంటే ఆసుపత్రి వరండాలో పరుగులు తప్పుతాయి.

5. హీ దట్ గోస్ ఎ బారోయింగ్, గోస్ ఎ సారోయింగ్

అప్పుకు వెళ్ళినవాడు దుఃఖాన్ని వెంటబెట్టుకుని వస్తాడు. మన కిరాణా కొట్లలో ఉర్దూలో ఒక బోర్డు కనిపిస్తుంది: 'ఉధార్ మొహబ్బత్ కీ ఖైంచీ హై'. అరువు స్నేహానికి కత్తెర అని. తెలుగు కొట్టులో అదే మాట 'అప్పు రేపు' అని రెండు ముక్కల్లో ఉంటుంది.

మన బస్తీల్లో అప్పుకు చాలా రూపాలున్నాయి. గిరిగిరి ఫైనాన్సునే తీసుకుందాం. 10,000 రూపాయల అప్పుకు చేతికిచ్చేది 9,000. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా పోయేది అనిపిస్తుంది. కానీ రోజూ కడుతూ పోతుంటే అప్పు తగ్గుతూ వస్తుంది. ఆ 100 రోజుల్లో మన చేతిలో సగటున ఉన్నది సుమారు 4,500 మాత్రమే. దాని మీద వెయ్యి అంటే 22 శాతం, అది కూడా మూడు నెలల పది రోజులకే. ఏడాది లెక్క వేస్తే దాదాపు 80 శాతం. 'నూటికి మూడు రూపాయలు' అంటే ఏడాదికి 36 శాతం అని కూడా చాలామందికి తట్టదు. మూడు అనే అంకె చిన్నది కాబట్టి అప్పూ చిన్నదిగా కనిపిస్తుంది.

వారం వారం వసూలు చేసే మైక్రోఫైనాన్స్ అప్పుల ఒత్తిడి ఎంత దూరం పోయిందో మన రాష్ట్రం చూసింది. ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2020 డిసెంబరులో ఫోన్ లోన్ యాప్‌ల వేధింపులు హైదరాబాద్, చుట్టుపక్కల ప్రాంతాల్లో ప్రాణాలు తీసినప్పుడు పోలీసులు వరుస అరెస్టులు చేశారు. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి మైక్రోఫైనాన్స్ అప్పు ఇచ్చేటప్పుడు, ఆ కుటుంబపు అన్ని వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఈ సంగతి తెలిసిన ఇల్లాలు మూడో గ్రూపులో సంతకం పెట్టే ముందు ఆగి ఆలోచిస్తుంది.

వడ్డీ హరామ్ అని ఖుత్బాలో చెప్పడం అవసరమే. అయితే జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని రాత్రి పది గంటలకు బయలుదేరిన తల్లికి హలాల్ దారి ఏదో కూడా మనం చూపించాలి. ఆ దారి లేనిచోట ఆమె గిరిగిరి దగ్గరికే వెళుతుంది. ఆ పాపంలో సమాజానికి వాటా లేదని అనగలమా?

6. డోంట్ పుట్ ఆల్ యువర్ ఎగ్స్ ఇన్ వన్ బాస్కెట్

గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకు. దీనికి జోడుగా 'మెరిసేదంతా బంగారం కాదు' అన్నదాన్నీ చదవాలి. ఎందుకంటే మనవాళ్ళు గుడ్లన్నీ పెట్టిన బుట్ట మెరిసే బుట్టే. 2018లో హైదరాబాద్ కేంద్రంగా, 2019లో బెంగళూరు కేంద్రంగా 'వడ్డీ కాదు, హలాల్ లాభం' అని చెప్పి ధనం సేకరించిన సంస్థలు చెల్లింపులు ఆపేసినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు రిటైర్మెంటు డబ్బు, గల్ఫ్ సంపాదన, కూతుళ్ళ పెళ్ళి సొమ్ము పోగొట్టుకుని రోడ్డున పడ్డాయి. అసలైన వ్యాపారంలో లాభంతో పాటు నష్టమూ ఉంటుంది. నెలనెలా ఇంత అని ఖాయంగా ఆశ చూపేవాడు హలాల్ అనే మాట ఎంత గట్టిగా పలికితే అంత జాగ్రత్తగా కాగితాలు అడగాలి.

చీటీలదీ ఇదే సంగతి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరు కాని చీటీ ఎగ్గొడితే అడిగే దిక్కుండదు. వేలంపాట లేకుండా వంతులవారీగా అందరికీ సమానంగా వచ్చే చీటీ తెలిసిన పదిమంది మధ్య మేలు. అదైనా పేర్లు, తేదీలు, మొత్తాలు రాసుకునే నడపాలి. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పు పత్రం రాసుకోవడం గురించే. నమ్మకం ఉన్నచోట కాగితం ఎందుకు అనేవారికి ఇదే జవాబు.

7. అప్పు తీసుకోకు, ఇవ్వకు

షేక్‌స్పియర్ నాటకంలో ఒక తండ్రి కొడుక్కు చెప్పిన ఈ సలహా ఇంగ్లీషులో సామెత అయిపోయింది. అప్పు ఇస్తే డబ్బూ పోతుంది, స్నేహితుడూ పోతాడని దాని తర్కం. లోకానుభవం దృష్ట్యా ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఇక్కడే మన దారి వేరు. అప్పు తీసుకోవడానికి వెనకాడమని మన ధర్మమూ చెబుతుంది. అవసరంలో ఉన్నవాడికి ఇవ్వడానికి వెనకాడమని మాత్రం చెప్పదు. వడ్డీ లేని మంచి అప్పును ఖర్జె హసనా అంటాం. తీర్చలేని స్థితిలో ఉన్నవాడికి గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మంచిదని ఖుర్ఆన్ ఆదేశం.

అప్పుతో చనిపోయిన ఒకరి జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) తాము నమాజు చేయించకుండా ఆగారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు బాధ్యత తనమీద వేసుకున్నాకే చేయించారు. అప్పు తీసుకునేవారికి ఇదెంత హెచ్చరికో, ముందుకు వచ్చినవారికి అంత ఘనత. తర్వాతి కాలంలో బైతుల్‌మాల్‌కు ధనం సమకూరినప్పుడు, అప్పుతో మరణించిన విశ్వాసి అప్పు తీర్చే బాధ్యత తమదేనని ప్రవక్త (స) ప్రకటించారు. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కుకున్నవారు ఒక వర్గం అన్నది మనం తరచూ మరచిపోయే విషయం.

ఈ బాట మన నేలకు కొత్తది కాదు. హైదరాబాద్‌లో పుట్టిన మహాపండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) నిజాం కాలపు హైదరాబాద్‌లో సభ్యులు కూడి నడిపిన వడ్డీ లేని రుణ సంఘాల గురించి రాసి, వాటిని ప్రపంచ పండితుల దృష్టికి తెచ్చారు. ఆ సంఘాలు నడిపిన పెద్దలు ఇచ్చింది మనలాంటివాళ్ళు ఇవ్వగలిగినదే, నెలకు కొంత చందా.

ఒక దాత 10,000 రూపాయలు ఖర్జె హసనా నిధిలో వేశారనుకుందాం. ఒక కుటుంబం నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తిరిగి కడుతుంది. అదే డబ్బు ఇంకో కుటుంబానికి వెళుతుంది. ఐదేళ్ళలో ఆరు కుటుంబాలు గిరిగిరి గడప తొక్కకుండా నిలబడతాయి. ఇచ్చినది ఒక్కసారే, పుణ్యం ఆరుసార్లు, ఇన్‌షా అల్లాహ్.

8. చారిటీ బిగిన్స్ ఎట్ హోమ్

దానం ఇంటి నుంచే మొదలవుతుంది. చందా అడిగినప్పుడు తప్పించుకోవడానికి ఈ సామెతను వాడేవారున్నారు. మొదలవుతుంది అన్నారు కానీ ముగుస్తుంది అనలేదు. వారసులను చేయి చాచే స్థితిలో వదలడం కన్నా కలిగినవారిగా వదలడం మేలని, వీలునామాలో దానానికి మూడో వంతు మించవద్దని సాద్ బిన్ అబీ వఖాస్ (రజి)కు ప్రవక్త (స) చెప్పారు. ఇల్లాలు, పిల్లలు, తల్లిదండ్రులు, తర్వాత బంధువులు, ఆ తర్వాత ఇరుగుపొరుగు. పటాన్‌చెరులో ఇరుగుపొరుగు అంటే బీహార్, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చి ఒకే గదిలో నలుగురు సర్దుకుంటున్న కార్మికులు కూడా. పొరుగువాడి హక్కుకు మతంతో నిమిత్తం లేదు.

ఆచరణకు

దాతలు ఈ సంవత్సరం నాలుగు పనులు సంకల్పించుకోవాలని కోరుతున్నాం.

ఒకటి, జకాత్ లెక్క కాగితం మీద వేయండి. లక్షకు 2,500 రూపాయలు. అందులో కొంత భాగం వడ్డీ అప్పుల్లో చిక్కినవారి విముక్తికి కేటాయించండి.

రెండు, ఖర్జె హసనా నిధికి జకాత్ కాకుండా వేరుగా విరాళం ఇవ్వండి. జకాత్ సొమ్ము పేదవాడి సొంతం కావాలి, తిరిగి వసూలు చేసేది కాదు అన్నది ఉలమాల మాట. ఈ రెండు ఖాతాలూ కలవకూడదు.

మూడు, మీ ఇంటి పెళ్ళి ఒక్కటి సాదాగా చేసి చూపించండి. అది పది ఉపన్యాసాలకు సమానం.

నాలుగు, మీ దగ్గర పనిచేసేవారికి ఈఎస్‌ఐ, పీఎఫ్ ఉన్నాయో లేదో ఈ వారమే చూడండి. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ఉమ్మత్ మనది. హక్కుగా రావలసింది ఇవ్వకుండా దానంగా ఇచ్చేది ఎంత పెద్దదైనా కొరతే.

ఇంట్లో పిల్లలతో చర్చకు

అ. ఈ నెల మన ఇంట్లో 'చిన్న చిల్లు' ఏది? లెక్క వేసి చెప్పండి.

ఆ. 'అప్పు తీసుకోకు, ఇవ్వకు' అన్న సలహాలో మనం ఏ సగాన్ని ఒప్పుకుంటాం, ఏ సగాన్ని ఒప్పుకోం? ఎందుకు?

ఇ. 5,000 రూపాయలు తీసుకుని పది వారాలు వారానికి 600 చొప్పున కడితే అదనంగా ఎంత పోయింది? అది ఎన్ని రోజుల కూలి?

ఈ. నానీ, దాదీ దగ్గర డబ్బు గురించి ఉన్న ఒక సామెత అడిగి రాసుకుని, దానికి సరిపోయే ఇంగ్లీషు సామెత వెతకండి.

డబ్బు మంచి సేవకుడు, చెడ్డ యజమాని అని మరో ఇంగ్లీషు మాట ఉంది. మన చేతిలోని డబ్బును అల్లాహ్ దాసులకు సేవ చేసేదిగా ఉంచమని, మన కుటుంబాలను అప్పుల భారం నుంచి కాపాడమని, ఇచ్చేవారి సంపాదనలో బరకత్ ప్రసాదించమని ఆ కరుణామయుణ్ణి వేడుకుంటున్నాం. ఆమీన్.